లాకుల మీద బతుకు

గోదావరి కాలవల మీద లాకులు చూసే ఉంటారు. ఇంగ్లండులోనూ అలాంటివి ఉన్నాయి. టార్డెబిగ్ అనే ఊరి దగ్గర వరసగా 30 లాకులు. అన్నీ నాలుగు కిలోమీటర్ల లోపే. అక్కడ కాలవే మెట్లెక్కుతుంది. ఇప్పుడక్కడ సరదా పడవలు తిరుగుతున్నాయి.

1880 ప్రాంతంలో తిరిగినవి ఉప్పు, బొగ్గు మోసే పడవలు. పొడవు 70 అడుగులు. వెడల్పు 7 అడుగులే. గట్టు మీద గుర్రం తాడుతో లాగేది. వెనక చిన్న గది. పొయ్యి, పడక, సంసారం అంతా అందులోనే.

పడవ లాకులోకి రాగానే వెనక తలుపులు మూసేవారు. పిల్లవాడు ముందుకు పరుగెత్తి తూము ఎత్తేవాడు. పై నీళ్లు లోపలికి దూకేవి. పడవ మెల్లగా ఏడడుగులు లేచేది. రెండువైపులా నీరు సమం కావాలి. అప్పుడే ముందు తలుపు కదులుతుంది. అంతదాకా ఎంత బలవంతుడు నెట్టినా లాభం లేదు. ఇలా 30 సార్లు! కాలు జారితే పిల్లవాడు నీళ్లలోనే.

మరి బడి? 1877లో చట్టం వచ్చింది. పడవ ఏ ఊళ్లో నమోదైతే పిల్లలు ఆ ఊరివాళ్ల కిందే లెక్క. అక్కడి బడికే పోవాలి. పడవ ఆ ఊళ్లో ఆగితే గదా!

దారిలో సుంకం గుమాస్తా సరుకు ఎంతుందో కొలిచి కాగితం మీద రాసేవాడు. చాలామంది పడవవాళ్లకు చదువు రాదు. సంతకం అడిగితే ఇంటూ గుర్తు గీసేవారు. కాగితంలో ఎంత రాశారో తండ్రికి తెలియదు. పక్కన నిలబడ్డ కొడుక్కీ తెలియదు.