భూమి రికార్డు చదవగలరా? పని మీకోసం చూస్తోంది

రియల్ ఎస్టేట్‌లో కెరీర్ అనగానే మన కుర్రాళ్లకు ముందు గుర్తొచ్చేది ప్లాట్లు అమ్మిపెట్టి కమీషన్ తీసుకోవడం. ఆ పనిలో పోటీ విపరీతం, రాబడి గాలివాటం. భూమి మీద నిబంధనలు, పన్నులు పెరిగేకొద్దీ గిరాకీ పెరుగుతున్నది మరో రకం పనివాళ్లకు. పహాణీ, లింకు డాక్యుమెంట్లు, సర్వే పటం, మాస్టర్ ప్లాన్ ముందు పెట్టుకుని ఏది దేనితో పొసగడం లేదో చెప్పగలిగేవాళ్లకు.

నన్నడిగితే ముందు వరసలో సర్వేయర్ పని ఉంటుంది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం మొదలైంది. రిజిస్ట్రేషన్ సమయంలో సర్వే పటం జతచేయాలన్నది అందులోని ముఖ్యమైన మార్పు. అన్ని కొలతలు ప్రభుత్వ సర్వేయర్ల వల్లే అయ్యేవి కావు కాబట్టి లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ మొదలుపెట్టారు. సివిల్‌లో బీటెక్, డిప్లొమా చేసినవాళ్లకే కాదు, ఐటీఐ డ్రాఫ్ట్స్‌మన్లకు, గణితంతో ఇంటర్ చదివినవాళ్లకూ దారి తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలయ్యాక విస్తీర్ణం తగ్గిందనీ, హద్దు జరిగిందనీ రైతుల అర్జీలు వెల్లువెత్తాయి. రోవర్ (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం) పట్టడం, ఆటోక్యాడ్‌లో గీయడం త్వరగానే వస్తాయి. పాత టిప్పన్, ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పటాలు) చదవడం మాత్రం ఓపిగ్గా నేర్చుకోవాలి. తగాదాలన్నీ తేలేది అక్కడే.

డిగ్రీ ఉన్నవాళ్లకు గ్రూప్-2లో సబ్ రిజిస్ట్రార్, మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టులుంటాయి. స్టాంపు డ్యూటీ వసూలు, రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22ఏ నిషేధిత జాబితాలోని భూమికి రిజిస్ట్రేషన్ ఆపడం, ఆస్తి పన్ను లెక్కలు వీళ్ల చేతిమీదుగా నడుస్తాయి. ఒత్తిళ్లు, ప్రలోభాలు రోజూ ఎదురయ్యే కుర్చీలివి. ఒక్క తప్పుడు నమోదు ఒక కుటుంబాన్ని ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కిస్తుంది. నిలబడే మనసు లేకపోతే ఈ కొలువులకు రాకండి. మాస్టర్ ప్లాన్లు గీసే ప్లానింగ్ చదవాలనుకునేవాళ్లకు విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ) ఉన్నాయి.

ఆస్తుల విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ కావాలంటే సివిల్, ఆర్కిటెక్చర్ లేదా టౌన్ ప్లానింగ్ డిగ్రీ, ఐదేళ్ల అనుభవం, నిర్దేశిత కోర్సు, ఆపై దివాలా బోర్డు (ఐబీబీఐ) పరీక్ష ఉండాలి.

కామర్స్ వాళ్లు ఆస్తి అమ్మకాల పన్ను మీద పట్టు సాధించాలి. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లో స్థలమో అమ్మితే, దేశంలో నివసించేవారు ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధర పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, దానితో అయితే 20 శాతం, రెండు లెక్కలూ వేసి తక్కువ వచ్చిన పన్ను కట్టే వీలుంది. రూ.50 లక్షలు, అంతకుమించిన ఇల్లు, స్థలం కొంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం చెల్లదు, కోత చాలా ఎక్కువ. అమెరికాలో ఉంటూ ఇక్కడి ఇల్లు అమ్ముకునే తెలుగువాళ్లకు ఇది తెలిసినవాళ్ల అవసరం ఎంతో ఉంది.

అయినా ఏజెంటు పనే చేస్తానంటారా? స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేసుకోండి. నమోదు లేకుండా రెరా ప్రాజెక్టులో అమ్మకం సాగిస్తే జరిమానా రోజుకు రూ.10,000.

ఈ సెలవుల్లో మీ ఇంటి భూమి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), 1బీ లేదా పహాణీ తీసుకుని దస్తావేజుతో సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు సరిచూడండి. తేడా కనిపిస్తే దాన్ని సరిచేయించే దరఖాస్తు మీరే రాయండి.