పార్శ్వపు నొప్పి - మందుల మితము

ఓరుగల్లున వేసవి యెండలు మిక్కిలి తీవ్రముగా నుండును. ఎండలో తిరుగుట, వేళకు భుజింపకుండుట, నిద్ర చాలకుండుట - ఇవి కొందరిలో పార్శ్వపు నొప్పిని రేకెత్తించును. దీనినే వైద్యులు మైగ్రేన్ అందురు. తలకు ఒక ప్రక్కన పోటు పుట్టును. పిల్లలలో ఇరుప్రక్కలను రావచ్చును. రోగి వెలుతురును, చప్పుడును సహింపలేడు, వాంతులును కావచ్చును.

ముఖమునకును, తలకును స్పర్శజ్ఞానము నొసగు త్రిధార నాడి ఉద్రేకము చెంది కొన్ని రసాయనములను విడుచును. వానివలన మెదడును కప్పియున్న పొరలలోని రక్తనాళములు ఉబ్బి, నొప్పి హెచ్చును.

దీనికి వాడు మందులు రెండు తెగలు. నొప్పి వచ్చినపుడు వాడునవి మొదటి తెగ. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ సామాన్యమైనవి. 1918లో ఆర్థర్ స్టోల్ అను శాస్త్రజ్ఞుడు రై ధాన్యముపై పెరుగు ఎర్గాట్ బూజునుండి ఎర్గోటమిన్‌ను వేరుచేసెను. అది రక్తనాళములను కుదించును. మోతాదు మించినచో కాలుసేతులకు రక్తము అందదు. 1991లో వాడుకకు వచ్చిన సుమట్రిప్టాన్ నాళములను కుదించుటయేగాక, నాడి రసాయనములను విడుచుటను కూడ అడ్డగించును. గుండెజబ్బు గలవారు దీనిని వాడరాదు. నొప్పి తరచు రాకుండ ప్రతిదినము వాడు ప్రోప్రనొలాల్ వంటివి రెండవ తెగ. ఉబ్బసము గలవారికి ప్రోప్రనొలాల్ తగదు.

అనేకులు వైద్యుని అడుగకయే దుకాణమునుండి మాత్రలు తెచ్చి మ్రింగుచుందురు. ఇందొక అపాయము కలదు. పారాసిటమాల్ వంటి సామాన్యమైన మాత్రలను నెలకు 15 దినములుగాని, ఎర్గోటమిన్, సుమట్రిప్టాన్ వంటి వానిని 10 దినములుగాని, అంతకు మించిగాని మూడునెలలకు పైబడి వాడినచో, ఆ మందే క్రొత్త తలనొప్పికి కారణమగును. రోగి నొప్పి పెరిగినదని మరియొక మాత్ర వేసికొనును. దానివలన నొప్పి మరింత పెరుగును. ఈ వలయమునుండి బయటపడుటకు వైద్యుని సలహాపై ఆ మందును మానుటయే మార్గము.

కావున నొప్పి వచ్చిన తేదిని, తిన్న మాత్రను ఒక పుస్తకమున వ్రాసికొనుట మంచిది. నొప్పి మొదలైనపుడే మాత్ర వేసికొని, చీకటి గదిలో విశ్రమింపవలెను. పదునారేండ్లలోపు పిల్లలకు వైద్యుడు చెప్పనిదే ఆస్పిరిన్ ఈయరాదు.

అకస్మాత్తుగా భరింపరాని తలనొప్పి వచ్చినను, జ్వరముతో మెడ బిగిసినను, మాట తడబడినను, చేయి కాలు పడిపోయినను అది పార్శ్వపు నొప్పియని ఇంట నుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. వరంగల్లులో 1959లో స్థాపింపబడిన కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధి స్మారక వైద్యశాల అట్టి రోగులకు ఆశ్రయము.