ప్రాస పట్టించే తప్పులు

నయాపూల్, హైదరాబాద్

లావణ్యా,

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ఇంట్లోనే అచ్చుతీసి మీ నాన్న షష్టిపూర్తికి ఇస్తానన్నావు. చాలా సంతోషం బిడ్డా. హక్కుల సంగతి అడిగావు కదా, ఆయన 1953లో పోయారు. మన చట్టంలో ఆ మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు లెక్క. అంటే 2014 జనవరి 1 నుంచి ఆ రచన అందరిదీ. తరవాతి ముద్రణల్లో వేరేవాళ్లు చేర్చిన పీఠికలూ బొమ్మలూ మాత్రం ముట్టుకోకు.

నువ్వు పంపిన ఫైలు చూశాను. స్కాన్‌ను కంప్యూటర్ చదివిన పాఠం కాబట్టి ‘ప’ కాస్తా ‘ష’ అయింది, పేజీ నెత్తినుండే ప్రకరణం పేరు వాక్యం మధ్యలో దూరింది. ఓపికగా ఒక్కొక్కటే దిద్దు. ‘రీప్లేస్ ఆల్’ నొక్కావో కొంప మునిగినట్టే. థ లన్నీ ధ లు చేస్తే కథలన్నీ కధలైపోతాయి.

అసలు తంటా పద్యాలతో. జనం తిండీ బట్టా ఆటపాటలూ ఆయన పాత కావ్యాల్లోంచే ఏరారు కాబట్టి పుస్తకం నిండా అవే. నీ ఫైలులో నాలుగు పాదాలూ కలిసి వచనమైపోయాయి. ముందు విడగొట్టు. వృత్తమైనా కందమైనా ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. మూడు పాదాల్లో ‘ప’ ఉండి నాలుగోదాంట్లో ‘ష’ కనిపిస్తే అక్కడ స్కాన్ తెరిచి చూడు. గణాలు కట్టు. గురువుండాల్సిన చోట లఘువుందంటే సున్నా రాలిపోయిందేమో. ఏ స్పెల్‌చెకరూ ఈ పని చెయ్యదు. సీసం, తేటగీతి, ఆటవెలదుల్లో ప్రాస నియమం లేదు, అక్కడ గణాలు చూసుకో.

అరసున్న పోతే మాత్రం గణాలకూ దొరకదు, కంటితోనే వెతకాలి. కంప్యూటర్ దాన్ని ఒక్కోసారి బ్రాకెట్ అనుకుంటుంది. స్కాన్‌లో అరసున్నా బండి ఱా ఉంటే ఉంచు. ఈ కాలంలో ఎవరు రాస్తున్నారని తీసెయ్యడానికి మనమెవరం? పాత ప్రతిలోనే అచ్చుతప్పుందని తేలితే దిద్ది, చివర చిన్న పట్టీ పెట్టు.

అక్షరాలకు ‘మండలి’ ఫాంట్ బాగుంటుంది, ఉచితం కూడా. 12 పాయింట్ల అక్షరానికి లైను 18 ఉండనీ, లేకపోతే వత్తులు కింది గుడులకు తగులుతాయి. లిబ్రేఆఫీస్‌లో ‘బ్రోచర్’ అని ఎంచుకుంటే ఏ4 కాగితాన్ని మడతపెట్టేలా పేజీలు సర్దుతుంది. నాలుగేసి కాగితాలు ఒక కట్ట, 16 పేజీలు. మొత్తం ఒకే కట్టగా మడిస్తే లోపలి కాగితాలు బయటికి తన్నుకొస్తాయి. దారంతో కుట్టే వైపు అంచు రెండు సెంటీమీటర్లు వదులు. అంచులు కోయించడానికి ఛత్తా బజార్‌లో పెళ్లిపత్రికల ప్రెస్సులున్నాయి, నేను తీసుకెళ్తాను.

మసకబారిన పేజీల నంబర్లు రాసి పంపు. 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, నయాపూల్ వంతెన అవతల అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. పాత ప్రతి ఉందేమో అడుగుతాను. పద్యాలున్న పేజీలు మాత్రం కాగితం మీద పంపు, ఫోన్‌లో నాకు ఆనవు.

ఇట్లు
పెదనాన్న