నైట్రోజినేజ్ – గాలిని ఎరువుగా మార్చే ఎంజైము

మనం పీల్చే గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని అని హైస్కూల్లోనే చదువుకున్నాం. ఆ లెక్కను ఇంకొంచెం ముందుకు సాగిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక ఎకరం చేను మీద ఆకాశం దాకా నిలిచివున్న గాలిని తూచగలిగితే, అందులో నత్రజని ఒక్కటే దాదాపు 30 వేల టన్నులు తూగుతుంది. అదే ఎకరంలో వరి పండటానికి మనం వేసే నత్రజని 50 కిలోలకి అటూ ఇటూ. నెత్తిన చెరువు పెట్టుకుని చెంబెడు నీళ్ళ కోసం ఊరంతా తిరగటం లాంటిదన్నమాట!

దీనికి కారణం నత్రజని అణువు స్వభావమే. దానిలోని రెండు పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని వుంటాయి. ఆ పట్టు విడిపించాలంటే మోల్ ఒక్కింటికి 945 కిలోజౌళ్ళ శక్తి కావాలి. 1909లో జర్మనీ దేశస్థుడు ఫ్రిట్జ్ హేబర్ నత్రజనినీ హైడ్రోజన్‌నీ కలిపి అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ ఆ పనిని కర్మాగారం స్థాయికి పెంచితే, 1913లో ఒప్పావులో ఉత్పత్తి ప్రారంభమైంది. ఇనుము ఉత్ప్రేరకం, 400 నుంచి 500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి, మామూలు గాలి పీడనానికి 150 రెట్లు మించిన పీడనం! 2021లో తిరిగి ఉత్పత్తి మొదలుపెట్టిన మన రామగుండం కర్మాగారంలోనూ మూలసూత్రం ఇదే. 45 కిలోల యూరియా బస్తాలో వుండే 20 కిలోల పైచిలుకు నత్రజని అలాంటి కొలిమిలోంచి వచ్చిందే.

ఇదే పనిని మినుము వేళ్ళ మీద ఆవగింజంత బుడిపెలో కూర్చున్న బాక్టీరియా వేడీ లేకుండా, పీడనమూ లేకుండా చేసేస్తుంది. మాది కృష్ణా డెల్టాలో వ్యవసాయ కుటుంబం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును వుండగానే మినుములు చల్లుతాం. విత్తనానికి బెల్లం నీళ్ళతో రైజోబియం కల్చర్ పట్టించి, నీడన ఆరబెట్టి మరీ చల్లుతాం. ఆ మినుముకి మావాళ్ళు యూరియా వెయ్యగా నేను చూడలేదు. మొన్న ఖరీఫ్‌లో వరికి యూరియా కోసం మా నాన్న రెండు రోజులు వరసలో నిలబడి ఒక్క బస్తాతో ఇంటికొచ్చాడు. "మినుముకొచ్చిన విద్య వరికి నేర్పలేరేంట్రా మీ సైన్సోళ్ళు?" అన్నాడు. ఎగతాళికే అన్నాడు గాని ప్రశ్న చాలా పెద్దది. దానికి జవాబు వెతుకుతూ పోయి, డగ్లస్ రీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడి పరిశోధన దగ్గర ఆగాను. ఈ వ్యాసం ప్రధానంగా దాన్ని గురించే.

పూర్వచరిత్ర కొద్దిగా చెప్పుకోవాలి. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకునేది వేరు బుడిపెల వల్లనేనని 1880లలో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ నిరూపించారు. 1888లో హాలండులో బైజరింక్ ఆ బుడిపెల్లోని బాక్టీరియాను వేరుచేశాడు. కాని బాక్టీరియా లోపల ఈ పని చేసే ఎంజైమును కణం బయట నిలకడగా పనిచేయించటానికి మాత్రం 1960 దాకా ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే, ఆక్సిజన్ తగిలితే కొద్ది నిమిషాల్లోనే ఈ ఎంజైము చచ్చి వూరుకుంటుంది. నత్రజని కావాలంటే గాలి కావాలి, గాలి వస్తే దానితోపాటు ఆక్సిజనూ వస్తుంది. ఈ ఇరకాటం సంగతి మళ్ళీ చివర్లో చూద్దాం.

నైట్రోజినేజ్ నిజానికి ఒక ప్రోటీను కాదు, రెండు. చిన్నది ఇనుప ప్రోటీను. పెద్దది మాలిబ్డినం–ఇనుము ప్రోటీను. చిన్నదాన్ని తట్ట మోసే కూలీ అనుకోండి. అది ఒక్కొక్క ఎలక్ట్రాన్‌నే మోసుకొచ్చి పెద్దదానికి అందించి, వెనక్కి వెళ్ళి మళ్ళీ తెస్తుంది. ప్రతి ఎలక్ట్రానుకీ కూలి రెండు ఏ.టి.పి. అణువులు. ఒక నత్రజని అణువును రెండు అమ్మోనియా అణువులుగా మార్చటానికి ఎనిమిది ఎలక్ట్రాన్లు కావాలి. అంటే తక్కువలో తక్కువ 16 ఏ.టి.పి.లు! ఆ ఎనిమిదిలో ఆరు మాత్రమే అమ్మోనియాకి పోతాయి. మిగిలిన రెండూ హైడ్రోజన్ వాయువుగా జారిపోతాయి. పైగా ఇంత చేసి ఒక్క నత్రజని అణువును మార్చటానికి సుమారు ఒక సెకను పడుతుంది. సెకనుకి వేలకొద్దీ అణువుల్ని మార్చే ఎంజైములతో పోలిస్తే ఇది నత్తనడకే. వేడి లేదు కాబట్టి ఖర్చు కూడా లేదనుకుంటే పొరపాటు. ఖర్చంతా ఏ.టి.పి. రూపంలో వుంది.

(ప్రసంగవశాత్తూ ఒక మాట. ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్, అమెరికాలో ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుక్కున్నారు. మన పాఠాల్లో ఏ.టి.పి. పేరు వందసార్లు వస్తుంది, ఆయన పేరు ఒక్కసారి కూడా రాదు.)

ఇక రీస్ చేసిన పని. ఆయన కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో ఆచార్యుడు. ఎంచుకున్న బాక్టీరియా అజొటోబాక్టర్ వైన్‌లాండీ. అమెరికాలో వైన్‌లాండ్ అనే ఊరి మట్టిలో దొరికింది కనుక ఆ పేరు. రైజోబియంలా మొక్కను అంటిపెట్టుకోకుండా స్వతంత్రంగా బతుకుతుంది కాబట్టి ప్రయోగశాలలో పెంచటం సులువు. దాని నుంచి ప్రోటీన్లు తీసి, ఆక్సిజన్ సోకకుండా స్ఫటికాలు పెంచి, వాటిలోంచి ఎక్స్ కిరణాలు పంపుతారు. స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు ఆ కిరణాలను చెదరగొడితే చుక్కల బొమ్మ వస్తుంది. ఆ చుక్కల తీవ్రతలను బట్టి గణితం ద్వారా ఏ పరమాణువు ఎక్కడుందో లెక్కగట్టాలి. బొమ్మ ఎంత స్పష్టంగా వుందో ఆంగ్‌స్ట్రామ్‌లలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ స్పష్టత పెరుగుతుంది.

1992లో రీస్ బృందం రెండు ప్రోటీన్ల నిర్మాణాన్నీ ప్రకటించింది. పెద్ద ప్రోటీను గర్భంలో, నత్రజని మార్పు జరిగే చోట ఒక లోహపు గుత్తి కనిపించింది. దానిలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం, వాటిని కలుపుతూ గంధకాలు. నోరూ నోరూ కలిపి పెట్టిన రెండు బుట్టల్లా వుంటుందని చెప్పవచ్చు. విచిత్రమేమంటే, ఆ బుట్టల నడుమ, ఆరు ఇనుముల మధ్య, చోటు ఖాళీగా కనబడింది. నత్రజని వచ్చి ఆ ఖాళీలోనే కూర్చుంటుందా అని కూడా కొందరు ఆలోచించారు. పదేళ్ళపాటు వేసిన బొమ్మల్లో మధ్యభాగం ఖాళీయే.

2002లో అదే ప్రోటీనును ఐన్‌స్లె, రీస్, వారి సహచరులు 1.16 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో మళ్ళీ చూశారు. ఖాళీ అనుకున్న చోట ఒక తేలిక పరమాణువు వుంది! మరి ముందు ఎందుకు కనబడలేదు? నాకు ఈ వ్యవహారమంతటిలోకీ ముచ్చటైన భాగం ఇదే. చెరువులో ఒక రాయి వేస్తే దాని చుట్టూ అలలు లేస్తాయి గదా! స్పష్టత తక్కువైన బొమ్మలో ప్రతి బరువైన పరమాణువు చుట్టూ అలాంటి అలలే పుడతాయి. అవి పరమాణువులు కావు, లెక్క అసంపూర్ణం కావటం వల్ల వచ్చే నీడలు. చుట్టూ వున్న ఇనుములూ గంధకాలూ కేంద్రానికి దాదాపు సమాన దూరాల్లో వుండటంతో వాటి అలల పల్లాలన్నీ సరిగ్గా నడిమధ్యే కలిశాయి. అక్కడున్న చిన్న పరమాణువును ఆ పల్లం మింగేసింది. స్పష్టత పెరిగాక పల్లం తప్పుకుంది, పరమాణువు బయటపడింది.

అది నత్రజనా, కార్బనా, ఆక్సిజనా అని తేలటానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది. 2011లో రెండు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో అది కార్బన్ అని నిరూపించాయి. ఆరు ఇనుముల మధ్య ఇరుక్కున్న ఒంటరి కార్బన్! జీవరసాయనంలో అంతకు ముందు ఎవరూ ఎరగని అమరిక. 2014లో రీస్ బృందం మరో అడుగు వేసింది. ఎంజైమును అడ్డుకునే కార్బన్ మోనాక్సైడును దానికి తగిలించి చూస్తే, గుత్తి పక్కనున్న గంధకం ఒకటి లేచిపోయి ఆ స్థానంలో కార్బన్ మోనాక్సైడు కూర్చుంది. దాన్ని తీసేస్తే గంధకం తిరిగి వచ్చింది. రాయిలా కదలదనుకున్న గుత్తికి తలుపు తీసి వేసుకోవటం వచ్చునన్నమాట. నత్రజని కూడా ఆ తలుపు దగ్గరే పట్టుబడుతుందా? పట్టుబడిన చిత్రం దొరికిందని 2020లో ఒక బృందం ప్రకటించింది. ఆ చిత్రాన్ని అలా చదవటం సరికాదని 2021లో ఇతరులు అభ్యంతరం చెప్పారు. నిర్మాణం తెలిసినంత మాత్రాన పని జరిగే తీరు తెలిసినట్టు కాదు.

ఇప్పుడు మా నాన్న ప్రశ్నకి వద్దాం. వరికి ఈ విద్య నేర్పటానికి ముందుగా ఆ 16 ఏ.టి.పి.ల కూలి భరించాలి. మినుము ఆకుల్లో తయారైన చక్కెరలో కొంతభాగం బుడిపెల్లోని బాక్టీరియా మేతకే పోతుంది. వరి కూడా అలా పెట్టుకుంటే గింజ దిగుబడి కొంత తగ్గవచ్చు. ఉచితంగా ఏదీ రాదు. రెండవది ఆక్సిజన్. మినుము బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీను ఆక్సిజన్‌ని పట్టి వుంచి అవసరమైనంతే వదులుతుంది. పూతకి ముందు మొక్కను పీకి, బుడిపెను బ్లేడుతో కోసి చూడండి. లోపల గులాబిరంగు వుంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగానో ఆకుపచ్చగానో వుంటే లేదని అర్థం. అజొటోబాక్టర్ పద్ధతి వేరు. ఆక్సిజన్‌ని విపరీతంగా పీల్చి కాల్చేస్తుంది, ప్రమాదం మరీ ముంచుకొస్తే షేత్నా ప్రోటీను అనే మరో ప్రోటీను వచ్చి ఎంజైమును కావలించుకుని కాపాడుతుంది. వరి కణాల్లో ఈ ఏర్పాట్లేవీ లేవు.

మూడవది, నా దృష్టిలో అన్నింటికంటె కష్టమైనది, ఆ గుత్తిని అల్లటం. దానికి అజొటోబాక్టర్‌లో డజనుకు పైగా జన్యువులు వరసగా పనిచేస్తాయి. నడిమధ్య కార్బన్‌ని తెచ్చి పెట్టటానికే ప్రత్యేకంగా ఒక ప్రోటీను వుంది. ఏ ఒక్కటి తప్పినా గుత్తి తయారుకాదు. అయినా పని ఆగలేదు. కణంలో ఆక్సిజన్‌ని వాడేసుకుంటూ ఏ.టి.పి. తయారుచేసే మైటోకాండ్రియాలే ఈ ఎంజైముకి తగిన చోటని భావించి, స్పెయిన్ పరిశోధకులు ఈస్టు మైటోకాండ్రియాల్లో పనిచేసే ఇనుప ప్రోటీనును తయారుచేయించి 2016లో ప్రకటించారు. అంటే కూలీ తయారయ్యాడు, పెద్ద ప్రోటీను సంగతి ఇంకా మిగిలేవుంది. ఇక 2024లో తెలిసిన సంగతి మరీ విశేషం. ఒక సముద్రపు నాచు కణంలో, ఎప్పుడో లోపల చేరిన బాక్టీరియా క్రమంగా ఆ కణంలో ఒక అవయవమే అయిపోయి నత్రజని స్థాపిస్తోందట. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. ఆ నాచుకి ఈ విద్య పట్టుబడటానికి పది కోట్ల సంవత్సరాలు పట్టివుంటుందని అంచనా. దానితో పోలిస్తే ప్రయోగశాలలో మన శాస్త్రజ్ఞులు దీని మీద కూర్చున్నది నిన్న మొన్నటి నుంచే.