అరువది నిండిన దినము

పాఠ్యభాగములు: మత్తయి 14:6-12, లూకా 14:12-14, 1 తిమోతి 5:3-10



చిన్నపిల్లల పుట్టినరోజు విషయములో మన సంఘములలో పెద్దగా వాదము లేదు. ఆదివారము బిడ్డను ముందుకు పిలిచి ప్రార్థించుచున్నాము, తల్లిదండ్రులు పుట్టినరోజు కానుక వేయుచున్నారు, చాక్లెట్లు పంచుచున్నారు. పెద్దవారి పుట్టినరోజు దగ్గరే చిక్కు వచ్చుచున్నది. అందులోను అరువదవది. "నాన్నగారికి అరువది నిండుచున్నవి, హాలు మాట్లాడుదుమా, ఇంటిలో కూడిక పెట్టుకొందుమా, మరల తాళి కట్టింతుమా?" అని పిల్లలు పాస్టరుగారి యొద్దకు వచ్చుచున్నారు. ఈ పాఠములో ఆ ప్రశ్ననే చూతము.

మన చుట్టునున్నవారిలో ఈ వయస్సుకు ప్రత్యేకమైన గౌరవమున్నది. తెలుగువారు షష్టిపూర్తి అందురు. తమిళనాట అనేకమంది దంపతులు తిరుక్కడయూరు గుడికి వెళ్లి మరల తాళి కట్టు వేడుక జరుపుకొందురు. దీని వెనుక ఒక లెక్క ఉన్నది. ప్రభవ మొదలు అక్షయ వరకు సంవత్సరములకు అరువది పేర్లు. మనిషి పుట్టిన సంవత్సరము పేరు అరువది ఏండ్లకు తిరిగి వచ్చును గనుక అది మరల పుట్టుట వంటిదని తలంచి, ఆయువుకు గండము లేకుండ శాంతులు చేయింతురు. తల్లిదండ్రులను కూర్చుండబెట్టి పిల్లలందరు గౌరవించుట చూచి మన పిల్లలకును ఆశ పుట్టుట తప్పు కాదు. అయితే మన దినములు చక్రముగా తిరుగునవి కావు. వాటిని లెక్కించుట నేర్పుమని 90వ కీర్తనలో మోషే దేవుని వేడుకొనెను. మన ఆయువు ఆయన చేతిలోనున్నది గనుక గండము తప్పించు శాంతి అక్కరలేదు. తాళి మాటయు అంతే. పెండ్లినాటి ప్రమాణము మరణము వరకు చేసినది, అరువది ఏండ్లకు దాని గడువు తీరదు.

బైబిలులో పుట్టినరోజు విందులు స్పష్టముగా కనబడునవి రెండే. ఫరో విందునాడు భక్ష్యకారుల అధిపతి ప్రాణము పోయెను (ఆదికాండము 40), హేరోదు విందునాడు బాప్తిస్మమిచ్చు యోహాను తల పోయెను. అందుచేత విశ్వాసి పుట్టినరోజే చేయరాదని కొందరు బోధింతురు. వాక్యము అంత మాట చెప్పుటలేదు. హేరోదు సంగతి నిదానముగా చదువుడి. ఆ కోరిక విని అతడు దుఃఖపడెను. అయినను పంక్తిలో కూర్చున్నవారు ఏమనుకొందురో అని మాట వెనుకకు తీసికొనలేకపోయెను. మన విందులలో ఎవరి తలయు తెగదు గాని ఆ పంక్తి భయము మాత్రము ఉన్నది. "వారు అయిదువందల మందికి పెట్టిరి, మనము వందమందికి పెట్టిన ఏమందురు?" అని చీటీ పాడి, నగ తాకట్టు పెట్టి, ఒక్కొక్కచోట నాన్నగారి రిటైర్మెంటు సొమ్ములోనిదే తీసి నాన్నగారికి విందు చేయుచున్నారు. ఆ తరువాత మందులకు ఆయన కుమారుని చేయి చూడవలెను. దీనిని సన్మానమందుమా? తిరిగి పిలువలేని బీదలను పిలువుమని ప్రభువు లూకా 14లో చెప్పెను. ఆ జాబితా వ్రాసినయెడల హాలు అవసరము చాలవరకు తగ్గిపోవును.

ఇక అరువది అను మాటకు వచ్చుదము. క్రొత్త నిబంధనలో ఈ వయస్సు చెప్పబడినది ఒక్కచోటనే, 1 తిమోతి 5:9లో. అది దంపతుల కొరకు కాదు, విధవరాండ్ర కొరకు. అరువది ఏండ్లు నిండి, పిల్లలను పెంచి, పరదేశులకు ఆతిథ్యమిచ్చి, పరిశుద్ధుల పాదములు కడిగిన స్త్రీ పేరు సంఘము వ్రాసికొనవలెనని పౌలు చెప్పుచున్నాడు. లోకములో అరువదవ ఏటి వేడుక జంటది. భర్త పోయిన స్త్రీకి అది లేదు, ఇతరుల వేడుకలో కూడ ఆమె వెనుకనే నిలువవలెను. పౌలు ఆమెనే ముందుకు పిలిచెను. వలస వచ్చిన దినములలో, ఊరు భాష తెలియక దిగిన కుటుంబములకు అన్నము పెట్టిన తల్లులు మనలోను ఉన్నారు గదా! రెండు కుర్చీలు, రెండు దండలు అను అలవాటులో ఆ తల్లికి చోటు లేనియెడల ఆ అలవాటునే మార్చవలెను. పిల్లలున్న తల్లి విషయములో మొదటి బాధ్యత పిల్లలదేనని 4వ వచనము చెప్పుచున్నది, సంఘము దానిని మరువరాదు.

పుట్టిన తేదీ తెలియని పెద్దలు కూడ ఉన్నారు. దేశమంతటికి ఒకే జనన మరణ నమోదు చట్టము 1969లో వచ్చెను. అంతకుముందు పల్లెలో పుట్టిన అనేకులకు బడిలో పంతులుగారు వేసిన జూన్ 1 గాని జూలై 1 గాని పుట్టినరోజైనది. బాప్టిస్టులమైన మనకు మరియొక తేదీ ఉన్నది. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి పుట్టిన తేదీలు మనకు తెలియవు, ఈ తేదీ మాత్రము నేటివరకు చెప్పుకొనుచున్నాము. తేదీ తెలియని తల్లికి సంఘపు రిజిస్టరు తీసి, ఆమె బాప్తిస్మ దినమున కృతజ్ఞతా కూడిక పెట్టుడి.

కూడికలో పొగడ్తలు తగ్గించి పెద్దవారిని మాటలాడనియ్యుడి. కాలేబు ఎనుబదియైదవ ఏట తన వయస్సు చెప్పుకొని, అనాకీయులున్న కొండను అడిగెను (యెహోషువ 14). బర్జిల్లయి ఎనుబదియవ ఏట రాజు పిలుపును ఒప్పుకొనక, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధి యొద్ద చనిపోనిమ్మని, తన బదులు కింహామును పంపెను (2 సమూయేలు 19). ఒకరు పని అడిగిరి, ఒకరు విశ్రాంతి అడిగిరి. ఇద్దరిలో ఎవరిని వాక్యము తప్పుపట్టలేదు. మీ తండ్రికి, మీ తల్లికి ఏది ఇష్టమో హాలు మాట్లాడిన తరువాత కాదు, ముందే అడుగుడి. సొంత ఊరు ఒకసారి చూపించుమని వారు అడిగినయెడల, ఆ సొమ్ముతో రైలు టిక్కెట్లు కొనుడి.