శామీర్‌పేట నల్సార్ – పేదింటి ప్రతిభకు ‘ఇడియా’ తోడు

శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో బీఏ ఎల్ఎల్‌బీ సీటుకు క్లాట్ (ఉమ్మడి న్యాయ ప్రవేశ పరీక్ష) రాయాలి. పొడవాటి ఇంగ్లిష్ పేరాలు చదివి జవాబులు గుర్తించాలి. తెలుగు మీడియంలో చదివిన చురుకైన పిల్లలకు తొలి అడ్డంకి ఇదే.

ముఖ్యాంశాలు
• నల్సార్ స్థాపన: 1998
• తొలి క్లాట్: 2008
• ప్రస్తుత క్లాట్ (యూజీ): 120 ప్రశ్నలు, 2 గంటలు, తప్పు జవాబుకు 0.25 మార్కు కోత
• ఇడియా: పేద విద్యార్థులకు న్యాయవిద్యలో తోడ్పడే ఈ సంస్థను 2010లో ఆచార్య షమ్నాద్ బషీర్ ప్రారంభించారు. లా విద్యార్థులే వాలంటీర్లుగా బడులకు వెళ్లి అవగాహన కల్పిస్తారు. ఎంపికైన పేద విద్యార్థులకు క్లాట్ శిక్షణ ఇప్పిస్తారు.
• బషీర్‌కు ఇన్ఫోసిస్ బహుమతి: 2014; మరణం: 2019

గుర్తుంచుకోండి: సీటు రావడంతో పని పూర్తికాదు. ఫీజులకు సాయం, సీనియర్ల మార్గదర్శనం ఐదేళ్లూ అందితేనే పట్టా చేతికొస్తుంది. ఇడియా చేసేదీ అదే.

ప్రాక్టీస్ బిట్: ఇడియా ఏ విద్యకు సంబంధించింది?
జవాబు: న్యాయవిద్య