శేషంతో ఏం పని టీచర్?



ఐదో తరగతిలో భాగహారం చెబుతుంటే ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "భాగఫలం వచ్చేసిందిగా టీచర్, మిగిలిన శేషంతో ఏం పని?" పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరూ ఇదే అడిగారు. జవాబు మన ఫోన్‌లోనే ఉంది.

పదో తరగతి ఫలితాల రోజు గుర్తు తెచ్చుకోండి. లక్షల మంది ఒకేసారి వెబ్‌సైట్ తెరుస్తారు. అందరికీ ఒక్క కంప్యూటరే జవాబివ్వాలంటే అది మొరాయిస్తుంది. అందుకే పేజీల నకళ్లను చాలా సర్వర్లలో ఉంచుతారు. ఈ నకళ్లు దాచే చోటును క్యాష్ అంటారు. పలకడానికి డబ్బులా ఉన్నా ఇది వేరు!

ఏ పేజీ ఏ సర్వర్‌లో ఉందో తెలిసేదెలా? ఇక్కడే శేషం పనికొస్తుంది. నాలుగు సర్వర్లకు 0, 1, 2, 3 అని నంబర్లు ఇద్దాం. 1 నుంచి 12 వరకు పేజీలు ఉన్నాయనుకోండి. పేజీ నంబరును 4తో భాగిస్తే వచ్చే శేషమే సర్వర్ నంబరు. 7వ పేజీ కావాలా? శేషం 3, కాబట్టి 3వ సర్వర్‌ని అడిగితే చాలు.

ఇప్పుడు 3వ సర్వర్ పాడైంది. దానిలో ఉన్నవి 3, 7, 11 పేజీలు మాత్రమే. కానీ మిగిలినవి మూడు సర్వర్లే కదా అని 3తో భాగించి చూడండి. 1, 2, 12 తప్ప మిగతా 9 పేజీల చోటు మారిపోతుంది! కొత్త చోట నకలు ఉండదు. దాంతో అందరూ మళ్లీ అసలు కంప్యూటర్ మీదే పడతారు. రద్దీ వేళ ఇలా జరిగితే సైట్ ఆగిపోతుంది.

ఇంటర్నెట్ రద్దీ సమస్యను వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ ముందే ఊహించి, 1995లో అమెరికాలోని ఎంఐటీలో తోటివారి ముందుంచారు. అక్కడి గణిత ఆచార్యుడు టామ్ లైటన్, విద్యార్థి డానీ లెవిన్, డేవిడ్ కార్గర్, మరికొందరు కలిసి 1997లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. అందులోని పద్ధతి పేరు కన్సిస్టెంట్ హ్యాషింగ్.

ఈ ఆదివారం పిల్లలతో చేసి చూడండి. కాగితం మీద గడియారం గీసి 3, 6, 9, 12 దగ్గర నాలుగు గ్లాసులు పెట్టండి. ప్రతి అంకె మీద ఒక శనగగింజ ఉంచండి. ప్రతి గింజా గడియారం ముల్లు తిరిగే వైపు నడిచి, మొదట కనబడిన గ్లాసులో పడాలి. తన అంకె మీదే గ్లాసు ఉంటే అందులోనే. గ్లాసుకు మూడు గింజలు వస్తాయి. ఇప్పుడు 6 దగ్గరి గ్లాసు తీసేయండి. దానిలోని మూడు గింజలే 9 దగ్గరికి వెళ్తాయి. మిగతా తొమ్మిదీ కదలవు!

"మరి 9 దగ్గరి గ్లాసుకు బరువు పెరిగిందిగా?" అని మీ అబ్బాయో అమ్మాయో అడిగితే సంతోషించండి. నిజంగా అదే ఇబ్బంది. అందుకే ఒక్కో సర్వర్‌కు గుండ్రం మీద చాలా చోట్ల స్థానం ఇస్తారు. ఒకటి పాడైతే దాని బరువును మిగతావి పంచుకుంటాయి.

లైటన్, లెవిన్ 1998లో అకమై కంపెనీ ప్రారంభించారు. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాదులు హైజాక్ చేసిన విమానంలో లెవిన్ చనిపోయారు. అప్పుడాయనకు 31 ఏళ్లు. అదే రోజు ప్రపంచమంతా వార్తల సైట్ల మీద పడినప్పుడు, ఆ రద్దీని మోసిన వాటిలో ఆయన కంపెనీ నెట్‌వర్క్ కూడా ఉంది. తర్వాత అమెజాన్ తన డైనమో అనే డేటా నిల్వ వ్యవస్థలోనూ ఇదే పద్ధతి వాడి, 2007లో ఆ వివరాలు ప్రచురించింది.

మాదొక్క మనవి. పిల్లలు "ఇదెందుకు?" అని అడిగినప్పుడు "పరీక్షలో వస్తుంది, చదువు" అని ఆపేయకండి. జవాబు తెలియకపోతే ఆ ప్రశ్నను డైరీలో రాసి పంపండి. క్లాసులో అందరం కలిసి వెతుకుదాం.